నీడలో కొలిచిన ఎండ

భూతాపం గురించి పాఠం చెబుతున్న రోజున ఒక విద్యార్థి లేచి, ‘ఎండకు కులం ఉండదు కదా సార్, ఇందులోకి కూడా కులాన్ని ఎందుకు తెస్తారు?’ అని అడిగాడు. ఆ ప్రశ్నలో వెటకారం లేదు. అతను నిజంగానే తెలుసుకోగోరి అడిగాడు. నేను వెంటనే జవాబు చెప్పకుండా, ‘పత్రికల్లో రోజూ ఉష్ణోగ్రత చదువుతున్నారు కదా, దాన్ని ఎక్కడ కొలుస్తారో తెలుసా?’ అని తరగతిని అడిగాను. ఎవరూ చెప్పలేదు. వాతావరణ కేంద్రంలో ఉష్ణమాపకాన్ని ఎండలో పెట్టరు. తెల్లరంగు వేసిన, గాలి ఆడే చెక్కపెట్టెలో, నేలకు దాదాపు నాలుగడుగుల ఎత్తున, నీడలో పెడతారు. శాస్త్రరీత్యా అది సరైన పద్ధతే. గాలి వేడిమిని కొలవాలంటే పరికరానికి నేరుగా ఎండ సోకకూడదు. అయితే మనం చదివే 44 డిగ్రీలు నీడలో నిలబడినవారి 44 డిగ్రీలన్నమాట. మిరపచేలో వంగి కాయ కోస్తున్న స్త్రీ వీపు మీద పడే ఎండ ఆ అంకెలో లేదు. ఎవరు నీడలో ఉండాలో, ఎవరు ఎండలో ఉండాలో ఈ దేశంలో ప్రకృతి నిర్ణయించలేదు.

ఆ రోజు నేను చెప్పిన జవాబునే ఇక్కడ కొంత వివరంగా రాస్తున్నాను. భూతాపానికి కారణాలేమిటి, దాని పర్యవసానాలు ఎవరి మీద పడుతున్నాయి, దాన్ని తగ్గించే మార్గాలు ఏవి అన్న మూడు ప్రశ్నలకూ పాఠ్యపుస్తకాల్లో జవాబులున్నాయి. ఆ మూడు జవాబుల్లోనూ ఊరూ వాడా వేరువేరుగా ఉన్నాయన్న సంగతి మాత్రం వాటిలో లేదు.

ముందుగా శాస్త్రం చెప్పే మాట. సూర్యుడి నుంచి వచ్చే కాంతి భూమిని వేడెక్కిస్తుంది. వేడెక్కిన భూమి ఆ వేడిని పరారుణ కిరణాల రూపంలో తిరిగి అంతరిక్షంలోకి పంపుతుంది. గాలిలోని కార్బన్ డై ఆక్సైడ్, మీథేన్, నైట్రస్ ఆక్సైడ్, నీటి ఆవిరి ఆ వేడిలో కొంత భాగాన్ని పట్టి ఉంచుతాయి. ఈ వాయువులు అసలే లేకపోతే భూమి సగటు ఉష్ణోగ్రత సున్నాకు 18 డిగ్రీలు దిగువన ఉండేది, జీవం ఈ రూపంలో సాధ్యమయ్యేది కాదు. కాబట్టి ఈ వాయువులు ఉండటం సమస్య కాదు, వాటి మోతాదు పెరగడమే సమస్య. ఇది నిన్నమొన్న తెలిసిన సంగతీ కాదు. వాతావరణం వేడిని నిలిపి ఉంచుతుందని ఫ్రెంచి శాస్త్రవేత్త ఫోరియర్ 1824లో ఊహించాడు. బొగ్గుపులుసు వాయువు నింపిన గాజుగొట్టం ఎండలో మామూలు గాలి నింపిన గొట్టం కన్నా ఎక్కువ వేడెక్కుతుందని అమెరికాలో యూనిస్ ఫుట్ అనే మహిళ 1856లో ప్రయోగం చేసి చూపింది. ఆ వాయువు పెరిగితే భూమి ఎంత వేడెక్కుతుందో స్వీడన్ శాస్త్రవేత్త అర్హీనియస్ 1896లో లెక్కకట్టాడు. పారిశ్రామిక విప్లవానికి ముందు గాలిలోని ప్రతి పది లక్షల భాగాల్లో 280 భాగాలుగా ఉన్న కార్బన్ డై ఆక్సైడ్, 1958లో హవాయి దీవుల్లోని మౌనాలోవా పర్వతం మీద కొలవడం మొదలుపెట్టేనాటికి 315 అయింది. నేడు 420 దాటింది. 2011-2020 దశాబ్దం నాటికి భూమి సగటు ఉష్ణోగ్రత 19వ శతాబ్దపు ద్వితీయార్ధంతో పోలిస్తే 1.1 డిగ్రీలు పెరిగింది. 2024 ఒక్క సంవత్సరాన్నే తీసుకుంటే ఆ పెరుగుదల 1.5 డిగ్రీలు దాటింది.

ఈ మోతాదును పెంచిందెవరు? బొగ్గు, పెట్రోలు, సహజవాయువు మండించడం ప్రధాన కారణం. సిమెంటు, ఉక్కు తయారీ, అడవుల నరికివేత, యూరియా వాడకం, నిలవనీటిలో సాగే వరి, పశుపోషణ ఆ తర్వాతివి. దేశాల మధ్య లెక్క చూస్తే అన్యాయం స్పష్టంగానే కనిపిస్తుంది. సగటు అమెరికన్ ఏడాదికి సుమారు 14 టన్నుల కార్బన్ డై ఆక్సైడ్ విడుదలకు కారకుడైతే, సగటు భారతీయుడి వాటా సుమారు 2 టన్నులు. 1991లో అనిల్ అగర్వాల్, సునీతా నారాయణ్ ఈ అన్యాయాన్ని బలంగా ఎత్తిచూపారు. బతకడానికి పేదవాడు పండించే వరి నుంచి వెలువడే మీథేన్‌నూ, విలాసానికి ధనికుడు నడిపే కారు పొగనూ ఒకే తక్కెడలో తూచరాదని వాదించారు. 1992లో రియో సదస్సు ‘ఉమ్మడి, కానీ భిన్నమైన బాధ్యతలు’ అనే సూత్రాన్ని ఆమోదించింది. అప్పటి నుంచి ప్రతి అంతర్జాతీయ వేదిక మీదా మన ప్రభుత్వాలు ఈ వాదననే వినిపిస్తున్నాయి. అది న్యాయమైన వాదనే. అందులో నాకు ఏ సందేహమూ లేదు.

కానీ ఆ వాదనను సరిహద్దు దాటాక వినిపించి, సరిహద్దు లోపల మరచిపోవడం న్యాయం కాదు. సగటు అనేది ఒక ముసుగు. విమానంలో తిరిగేవాడినీ, జీవితంలో రైలెక్కని కూలీనీ కలిపి భాగిస్తే 2 టన్నులు వచ్చింది. వాడలో ఒక బల్బు, ఒక ఫ్యాను ఉన్న ఇంటి మితవాడకమే ఈ దేశపు సగటును అంత తక్కువగా ఉంచుతోంది. ఆ తక్కువ సగటును చూపి అంతర్జాతీయ వేదికల మీద పొందే వెసులుబాటును అనుభవించేది మాత్రం వేరేవారు. దేశంలోని ధనికులు పేదల చాటున దాక్కుంటున్నారని గ్రీన్‌పీస్ ఇండియా 2007లోనే ఒక నివేదికలో చెప్పింది. నన్ను నేను మినహాయించుకుని ఈ మాట రాయడం లేదు. వాడలో పుట్టి, చదువుకుని, ఆచార్యుడినై, నేడు శీతల యంత్రం ఉన్న గదిలో కూర్చుని భూతాపం మీద వ్యాసం రాస్తున్నాను. నా గది చల్లబడటానికి బయటికి నెట్టే వేడిగాలి, కింద కాపలా ఉండే మనిషి ముఖానికి కొడుతోంది. ఆయన కులమేమిటో నేను అడగలేదు. అడగాల్సిన అవసరం కలగలేదు.

ఇక ఫలితాలు. 2015 మే నెలను తెలుగువారు మరచిపోరాదు. ఆ వేసవిలో దేశంలో వడదెబ్బకు రెండు వేల మందికి పైగా చనిపోయారు. వారిలో అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణవారే. మా ఊరు పల్నాడులో ఉంది. ఆ నెలలోనే మా మేనమామ చనిపోయాడు. చెరువు పూడిక పనికి పొద్దున్నే పోయి, మధ్యాహ్నం ఇంటికొచ్చి, సిమెంటు రేకుల కింద పడుకున్నాడు. సాయంత్రానికి ఒళ్లు కాలిపోతూ, మాట తడబడి, మనుషులను గుర్తుపట్టలేని స్థితికి వచ్చాడు. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్తుండగానే ప్రాణం పోయింది. ఆ ఎండలో శవాన్ని ఉంచలేమని ఆ రాత్రే పూడ్చిపెట్టారు. తర్వాత వడదెబ్బ మృతులకు సహాయం ఇస్తారని తెలిసి మా అత్త అర్జీ పెట్టుకుంది. తహసీల్దారు, వైద్యాధికారి, ఎస్సై కలిసి నిర్ధారిస్తేనే అది వడదెబ్బ మరణం. పోస్టుమార్టం కాగితం ఏదని అడిగారు. లేదు. మా మేనమామది సహజ మరణమని రాసి అర్జీ తిప్పి పంపారు. యాభై నాలుగేళ్ల మనిషి, ఆ ఉదయం పార పట్టిన మనిషి, సాయంత్రానికి పోతే దాన్ని సహజమని రాయడానికి ఎవరి చెయ్యీ వణకలేదు.

వైద్యశాస్త్రం ప్రకారం మా మేనమామ శరీరంలో జరిగిందేమిటో నాకు తర్వాత అర్థమైంది. మనిషి శరీరం 37 డిగ్రీల దగ్గర నిలకడగా ఉండాలి. శ్రమ చేసినప్పుడు కండరాలు వేడిని పుట్టిస్తాయి, చెమట ఆరిపోతూ ఆ వేడిని తీసుకుపోతుంది. గాలి బాగా వేడిగా ఉండి, నీళ్లు చాలక, లేదా ఉక్కపోత వల్ల చెమట ఆరక ఈ ఏర్పాటు చెడితే శరీరంలోని వేడి 40 డిగ్రీలు దాటుతుంది. అప్పుడు మెదడు, మూత్రపిండాలు, గుండె దెబ్బతింటాయి. పగటి శ్రమ తర్వాత రాత్రి చల్లబడితే శరీరం కోలుకుంటుంది. భూతాపం వల్ల పగళ్లే కాదు, రాత్రులూ వేడెక్కుతున్నాయి. సిమెంటు రేకు పగలంతా కాగి, కింద ఉన్నవారి మీదికి వేడిని దించుతుంది. ప్రభుత్వ కాలనీలోని పలుచని స్లాబు పగలు పీల్చుకున్న వేడిని రాత్రంతా విడుస్తుంది. పగలు చేలో, రాత్రి ఇంట్లో కాగే శరీరానికి కోలుకునే గంట ఏది?

ఇక్కడ నా మిత్రులు కొందరు ఒక అభ్యంతరం చెబుతారు. ‘ఇది పేదరికం సమస్య. అన్ని కులాల్లోనూ పేదలున్నారు. కులమనడం ఎందుకు?’ అంటారు. ఈ అభ్యంతరానికి జవాబు చెప్పకుండా దాటవేయకూడదు. పేదరికం మనిషి ఏం కొనగలడో నిర్ణయిస్తుంది. అతని ఇల్లు ఊరికి ఏ దిక్కున ఉండాలో, ఏ పల్లంలో, ఏ మురుగు కాలువ పక్కన ఉండాలో నిర్ణయించింది కులం. ఎవరి చేతికి పార రావాలి, ఎవరి చేతికి చీపురు రావాలి, ఎవరు మురుగు గొట్టంలోకి దిగాలి అన్నది కులం. మధ్యాహ్నం పూట ఊళ్లో రావిచెట్టు కింద రచ్చబండ మీద నడుం వాల్చగల పేదవాడూ, అక్కడ కూర్చోవడానికి రెండుసార్లు ఆలోచించే పేదవాడూ ఒకే పేదరికంలో లేరు. కులం పనిని మాత్రమే కాక పనిచేసే మనుషులను కూడా అంతస్తులుగా విడదీస్తుందని అంబేద్కర్ 1936లోనే వివరించారు. ఆ అంతస్తుల్లో కింది మెట్టుకు ఆరుబయలు పని దక్కింది. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశ జనాభాలో షెడ్యూల్డ్ కులాలవారు 16.6 శాతం. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం వారి సాగులో ఉన్న భూమి మొత్తంలో పదో వంతు కన్నా తక్కువ. భూమి లేనివాడికి పని వేళల మీద అధికారం ఉండదు. సొంత చేను ఉన్నవాడు ఎండ ముదిరితే గట్టెక్కి ఇంటికి పోతాడు, కూలికి వచ్చినవాడు పొమ్మనేదాకా పోలేడు. కార్మిక సర్వేల్లోని పని సమయాన్ని ఉష్ణోగ్రతల వివరాలతో జోడించి చూసిన పరిశోధకులు కూడా, దళిత, ఆదివాసీ శ్రామికులు ఎండలో గడిపే సమయం ఆధిపత్య కులాలవారి కన్నా ఎక్కువని తేల్చారు.

అమెరికాలో ఈ సత్యాన్ని నల్లజాతివారు ముందే గుర్తించారు. 1982లో ఉత్తర కరొలైనా రాష్ట్రంలోని వారెన్ కౌంటీలో, నల్లవారు అధికంగా ఉన్న ప్రాంతంలో విషవ్యర్థాలను పూడ్చడానికి ప్రభుత్వం పూనుకున్నప్పుడు జనం లారీలకు అడ్డంగా రోడ్డు మీద పడుకున్నారు. పర్యావరణ న్యాయమనే ఉద్యమానికి అది నాంది. 1995 జూలైలో షికాగోలో వడగాలికి 700 మందికి పైగా చనిపోయినప్పుడు, ఎక్కువగా బలైంది ఒంటరి వృద్ధులు, పేదలు, నల్లవారని పరిశీలకులు చూపారు. అక్కడ జాతి అనే మాటను పర్యావరణ చర్చలోకి తేవడం నేరం కాలేదు. ఇక్కడ కులమనే మాట తెస్తే చర్చను పక్కదారి పట్టించినట్టు అవుతోంది.

నీటి సంగతీ ఇంతే. వేడి పెరిగితే చెరువులు తొందరగా ఎండుతాయి, బోర్లు అడుగంటుతాయి. ఊరి కొళాయి గొట్టం వాడ దగ్గర ఆఖరవుతుంది, నీళ్లు తగ్గినప్పుడు ముందు ఆగేదీ అక్కడే. నీళ్ల దగ్గర కులం ఎంత క్రూరంగా ఉంటుందో తెలుగు నేలకు ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. 1927 మార్చి 20న అంబేద్కర్ మహద్ చెరువు నీళ్లు తాగడం ఒక యుద్ధానికి ఆరంభమైతే, 1985 జూలైలో కారంచేడులో దళితుల హత్యాకాండకు దారితీసిన తగవు, తాము తాగే చెరువు నీటిని పాడుచేయవద్దని ఒక మాదిగ స్త్రీ అభ్యంతరం చెప్పడంతో మొదలైంది. నీళ్లు ఉన్నప్పుడే ఇలా ఉంటే, నీళ్లు లేని కాలం ఎలా ఉంటుందో రాజకీయాల్లో ఉన్నవారు ఊహించాలి. పొలం పనికి వెళ్లే స్త్రీలకు మరో బాధ ఉంది. మరుగు లేదు కనుక వారు నీళ్లు తక్కువ తాగుతారు. దాహాన్ని అణచుకోవడం వారికి మర్యాదను కాపాడుకునే మార్గమైంది. వడదెబ్బ నివారణకు ‘నీళ్లు ఎక్కువ తాగండి’ అని గోడల మీద రాసే ప్రభుత్వం, ఆ నీళ్లు తాగాక వారెక్కడికి పోవాలో చెప్పదు.

భూతాపం ఎండగానే రాదు. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ నీటి ఆవిరిని పట్టి ఉంచగలదు, అందువల్ల కుండపోత వానలు పెరుగుతాయి. వేడెక్కిన బంగాళాఖాతం తుపాన్లకు బలాన్నిస్తుంది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో అధికారిక లెక్క ప్రకారమే దాదాపు 10 వేల మంది చనిపోయారు. తీరానికి దగ్గరగా, పూరి గుడిసెల్లో ఉన్న మత్స్యకారులు, వ్యవసాయ కూలీలు నిలబడటానికి గట్టి కప్పు లేక కొట్టుకుపోయారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను అతలాకుతలం చేసింది. అయినా మృతుల సంఖ్య పదుల్లోనే ఆగింది. ఈ రెంటి మధ్య గాలి మెత్తబడలేదు. ముందస్తు హెచ్చరికలు వచ్చాయి, తుపాను ఆశ్రయ భవనాలు లేచాయి, జనాన్ని ముందే తరలించే యంత్రాంగం ఏర్పడింది. ప్రభుత్వం తలచుకుంటే చావులు ఆగుతాయనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు. తుపానుకు చేసిన పని ఎండకు ఎందుకు చేయడం లేదన్నదే నా ప్రశ్న. తుపాను పట్టణాన్నీ పల్లెనూ, మేడనూ గుడిసెనూ తాకుతుంది, వార్త అవుతుంది. ఎండ చప్పుడు లేకుండా వాడలోకి వచ్చి ఒక్కొక్కరినే తీసుకుపోతుంది.

చేసిన పనులు అసలే లేవనడం న్యాయం కాదు. 2013లో అహ్మదాబాద్ నగరం దక్షిణాసియాలోనే మొదటి వడగాలుల కార్యాచరణ ప్రణాళికను తెచ్చింది. 2015 విషాదం తర్వాత తెలుగు రాష్ట్రాలు కూడా ప్రణాళికలు రాసుకున్నాయి. 2023లో తెలంగాణ చల్లని పైకప్పుల విధానాన్ని ప్రకటించింది. 2025 ఏప్రిల్‌లో వడదెబ్బను రాష్ట్ర ప్రత్యేక విపత్తుగా గుర్తించి, మృతుల కుటుంబాలకు 4 లక్షల రూపాయల సహాయాన్ని నిర్ణయించింది. ఇవి మంచి అడుగులు. కానీ సహాయం 4 లక్షలైనా, 40 లక్షలైనా, మరణాన్ని వడదెబ్బగా గుర్తిస్తేనే అందుతుంది. దేశంలో వడదెబ్బ మృతులను లెక్కించే సంస్థలు ఒకటికి మించి ఉన్నాయి, వాటి అంకెలు ఒకదానితో ఒకటి కలవవు. ఆ లెక్కల్లో వయసు ఉంటుంది, ఆడో మగో ఉంటుంది. కులం ఉండదు. చనిపోయినవారి కులాన్ని రాయని రాజ్యం, ఎండకు కులం లేదని తేల్చడం సులభం.

ఇంకొక విషయం. ఉపాధి హామీ పనులు జరిగే చోట తాగునీరు, నీడ, ప్రథమ చికిత్స ఉండాలని 2005 నాటి చట్టమే చెప్పింది. ఉమ్మడి రాష్ట్రంలో వేసవి నెలల్లో తక్కువ పనికి పూర్తి కూలి దక్కేలా వేసవి భత్యం ఉండేది. ఎండ పొద్దెక్కక ముందే పని ముగించి ఇళ్లకు చేరడం కూలీల అనుభవం నేర్పిన పద్ధతి. 2023 జనవరి 1 నుంచి ఫోన్ యాప్‌లో రోజుకు రెండుసార్లు ఫొటో తీసి హాజరు వేయడం తప్పనిసరి అయింది. పని పొద్దున్నే అయిపోయినా రెండో ఫొటో కోసం ఎండలో ఆగడమో, ఇంటికి పోయి మళ్లీ రావడమో కూలీల వంతైంది. దొంగ మస్టర్లను ఆపాలన్న ఉద్దేశంలో తప్పు లేదు. కానీ ఆ నియమాన్ని రాసిన వ్యక్తి గదిలో ఉష్ణోగ్రత ఎంత ఉండి ఉంటుందో ఊహించడం కష్టం కాదు.

ఇప్పుడు పరిష్కారాలు. భూతాపాన్ని తగ్గించాలంటే బొగ్గు, చమురు వాడకం తగ్గాలి. ఇందులో మరో మాటకు తావు లేదు. 2070 నాటికి నికర ఉద్గారాలను సున్నాకు తెస్తామని భారత్ 2021లో గ్లాస్గోలో ప్రకటించింది. నేటికీ మన విద్యుత్తులో ఎక్కువ భాగం బొగ్గు నుంచే వస్తోంది. సౌరశక్తి, పవనశక్తి పెరగాలి, పెరుగుతున్నాయి కూడా. కర్నూలు జిల్లాలో 2017లో పూర్తయిన వెయ్యి మెగావాట్ల సౌరపార్కు అప్పట్లో ప్రపంచంలోని అతిపెద్ద వాటిలో ఒకటి. అయితే సౌర ఫలకాలు గాలిలో వేలాడవు, వాటికి వేల ఎకరాలు కావాలి. ‘బంజరు’ అని రికార్డులో రాసి ఉన్న భూమి, గొర్రెలు మేపుకునేవాడికి, పుల్లలు ఏరుకునే స్త్రీకి బంజరు కాదు. దళితులకు ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ భూములను 1977 చట్టం అన్యాక్రాంతం కాకుండా కాపాడింది. అదే భూమిని ‘ప్రజా ప్రయోజనం’ పేరుతో తిరిగి తీసుకునేటప్పుడు పట్టా భూమితో సమానమైన పరిహారం దక్కాలి. ఆ భూమి మీద కూలి చేసుకుని బతికినవారికి కూడా వాటా ఉండాలి. కాలుష్యం లేని విద్యుత్తు అయినంత మాత్రాన అది అన్యాయం లేని విద్యుత్తు కాబోదు. బొగ్గు గనులు మూతపడేనాడు స్థిర ఉద్యోగికి పింఛను ఉంటుంది. గనిలో కాంట్రాక్టు కింద పనిచేసినవాడికి ఏముంటుందో ఇప్పుడే రాసి పెట్టాలి.

వరి నుంచి వచ్చే మీథేన్‌ను తగ్గించడానికి ఆరుతడి పద్ధతి మేలైనది. చేలో నీటిని నిరంతరం నిలవ ఉంచక, ఆరబెట్టి మళ్లీ పెడితే మీథేన్ బాగా తగ్గుతుంది, నీరు కూడా ఆదా అవుతుంది. కానీ నీరు నిలవని చేలో కలుపు పెరుగుతుంది. ఆ కలుపు తీసేది ఎవరు? వాడల నుంచి వచ్చే స్త్రీలు. వారి కూలి పెరగాలి, వారికి మోయదగిన పనిముట్లు రావాలి. ఉద్గారాలు తగ్గించినందుకు ముట్టే డబ్బు పట్టాదారు ఖాతాలో పడి, నిజంగా సాగు చేసిన కౌలు రైతుకు, కలుపు తీసిన కూలీకి ఏమీ చేరకపోతే, అది పాత దోపిడీకి పచ్చరంగు పూయడమే అవుతుంది. నగరాల్లో కార్ల కోసం వంతెనలు కట్టే డబ్బుతో బస్సులు నడపాలి. బస్సు ఎక్కేది ఎవరో, వంతెన ఎక్కేది ఎవరో లెక్క తీస్తే, పర్యావరణ హితమూ సామాజిక న్యాయమూ ఒకే చోట కలుస్తాయి.

ఉద్గారాలు నేడే ఆగినా ఇప్పటికే పెరిగిన వేడి దశాబ్దాలపాటు తగ్గదు. కాబట్టి వాడను కాపాడే పని రేపటికి వాయిదా వేయదగినది కాదు. ఆరుబయట పనికి ఇంత ఉష్ణోగ్రత దాటితే ఆపాలనే చట్టబద్ధమైన పరిమితి ఈ దేశంలో లేదు. అది రావాలి. పని ఆగిన గంటలకు కూలి ఆగకూడదు. కూలి కోసి ఇచ్చే విశ్రాంతిని ఆకలి అంటారు, రక్షణ అనరు. పని జరిగే ప్రతి చోటా నీడ, నీళ్లు, స్త్రీలకు మరుగుదొడ్డి ఉండాలి. సిమెంటు రేకుల ఇళ్లకు, కాలనీ స్లాబులకు తెల్లని శీతల పూత ప్రభుత్వమే వేయించాలి. పెద్ద ఖర్చు లేకుండానే ఇంటి లోపల వేడి తగ్గుతుంది. ఇందుకు నిధులు వెతకనక్కర్లేదు. 2013లో ఉమ్మడి రాష్ట్రంలో పోరాడి సాధించుకున్న ఉప ప్రణాళిక చట్టం ఉంది. తెలంగాణలో దాని స్థానంలో 2017 ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం ఉంది. రోడ్లకూ వంతెనలకూ మళ్లే ఆ డబ్బును వాడల పైకప్పులకు, వాడల చెట్లకు, వాడల తాగునీటికి ఖర్చు చేయాలి. వడదెబ్బ మృతుల నమోదులో కులం, వృత్తి, పని చేసిన గంటలు, ఇంటి కప్పు వివరాలు ఉండాలి. పోస్టుమార్టం లేకపోయినా సాక్ష్యాల ఆధారంగా నిర్ధారించే వెసులుబాటు కల్పించాలి.

వీటిని దయగా అడగడం లేదు. వాతావరణ మార్పుల దుష్ప్రభావాల నుంచి రక్షణ పొందడం రాజ్యాంగంలోని 14, 21 అధికరణాల కింద పౌరుల హక్కు అని 2024లో సుప్రీంకోర్టు ఎం.కె. రంజిత్‌సింహ్ కేసులో చెప్పింది. 21వ అధికరణం జీవించే హక్కు, 14వ అధికరణం సమానత్వపు హక్కు. ఈ రెండూ కలిసి ఉన్నాయన్నదే ముఖ్యం. ఎండ నుంచి రక్షణ ఉంటే సరిపోదు, ఆ రక్షణ ఊరికీ వాడకూ సమానంగా అందాలి. దళిత ఉద్యమాలు భూమి కోసం, నీటి కోసం, రిజర్వేషన్ కోసం పోరాడాయి. నీడ కూడా ఒక హక్కేనని ఇప్పుడు అనవలసి వచ్చింది. పర్యావరణ ఉద్యమాలు అడవుల కోసం, పులుల కోసం, నదుల కోసం మాట్లాడాయి. మాదిగ గూడెం పైకప్పు గురించి కూడా అవి మాట్లాడాలి.

ఆ విద్యార్థికి చివరికి ఒక పని చెప్పాను. వేసవి సెలవుల్లో ఊరికి వెళ్లినప్పుడు ఒక నోటు పుస్తకం పెట్టుకో అన్నాను. మీ ఊళ్లో, మీ వాడలో మార్చి నుంచి జూన్ వరకు చనిపోయిన ప్రతి మనిషి గురించి రాయి. వయసు ఎంత, ఆ రోజు ఏ పనికి పోయారు, ఎన్ని గంటలకు ఇంటికి వచ్చారు, ఏ కప్పు కింద పడుకున్నారు, కాగితం మీద ఏ కారణం రాశారు అని అడిగి రాయి. ఊరికి ఒక పేజీ, వాడకు ఒక పేజీ కేటాయించు. ఈ వ్యాసం చదువుతున్న విద్యార్థులందరికీ అదే మనవి. మా మేనమామ పేరు ఏ లెక్కలోనూ లేదు. అటువంటి పేర్లు ఎన్ని ఉన్నాయో రాసి చూపితే, ఎండకు కులం ఉందా లేదా అన్న ప్రశ్నకు జవాబు నేను చెప్పనక్కర్లేదు.